అనంతపురం ఎడారి అయిపోతుందా? పొలం అమ్మేయాలా?

కళ్యాణదుర్గం పక్కన మీ నాయనకు ఏడెకరాల ఎర్రనేల, రెండు బోర్లు. ఒకటి పోయింది, రెండోది ఎండాకాలంలో ఆగి ఆగి పోస్తోంది. మీరు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నారు. "జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమే, ఇరవై ఏళ్లలో ఎడారి అయిపోతుంది, భూమిలో నీళ్లు శాశ్వతంగా అడుగంటిపోతున్నాయి, కొత్త బోర్లన్నీ నిషేధించాలి" అని ఒక వీడియోలో చూశారు. పొలం అమ్మేయమంటున్న మీ చిన్నాయన మాటే నిజమేమో అని అడుగుతున్నారు.

ఈ కారణంతో మాత్రం అమ్మకండి. వేరే కారణాలుంటే అది మీ ఇంటి విషయం. ఆ వీడియోలోని నాలుగు మాటల్లో మొదటిది తప్పు, రెండోదానికి ఆధారం లేదు, మూడోది మన నేలకు వర్తించదు. నాలుగోది ఇరవై ఏళ్లకు పైగా చట్టంలోనే ఉంది, దానివల్ల ఏం ఒరిగిందో మీ ఊరి పొలాల్లో తిరిగితే తెలుస్తుంది. నేను భూగర్భజలాల పనిలో ఉండి రిటైరైనవాణ్ణి. రాయదుర్గం నుంచి కదిరి దాకా బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలవడం, ఆ లెక్కలు చూడటమే నా ఉద్యోగం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జైసల్మేర్ సంగతి ముందు. మన ఉమ్మడి జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ముంగారులో (జూన్-సెప్టెంబరు నైరుతి వానలు) 340 దాకా, హింగారులో (ఆ తర్వాతి ఈశాన్య వానలు) 150 పైన, మిగతాది ఎండాకాలపు గాలివానల్లో. జైసల్మేర్‌లో ఏడాదంతా కలిపినా సగటున 200 దగ్గరే. బాడ్‌మేర్, బికనేర్ 300 లోపు. జోధ్‌పూర్, చూరు కూడా మనకంటే తక్కువే. లద్దాఖ్‌లోని లేహ్ పరిస్థితి ఇంకా అన్యాయం, అక్కడ పడేది 100 చుట్టుపక్కలే. ఇవన్నీ దేశంలోని జిల్లాలే కదా. మరి మనం రెండో స్థానంలో ఎలా ఉంటాం? అయినా ఈ మాట పాఠాల్లో, ప్రసంగాల్లో, పేపర్లలో దశాబ్దాలుగా నలుగుతోంది. ఎవరూ లెక్క తీసి చూడరు.

ఎందుకు చూడరో కూడా చెబుతాను. ఆ మాటతో పని ఉంది. కేంద్రం 1977-78లో ఎడారి అభివృద్ధి పథకం మొదలుపెట్టింది. 1995 నుంచి మన రాష్ట్రంలో ఒక్క అనంతపురాన్ని అందులో చేర్చారు. నిధులు వచ్చాయి, వాటితో చెక్ డ్యాములు, కుంటలు కట్టారు. వాటిలో చాలావాటిని నేను కళ్లారా చూశాను, మంచి పనులే. కానీ నిధుల కోసం తగిలించుకున్న పేరు పిల్లల బుర్రల్లోకి ఎక్కింది. సొంత ఊరి మీద ఆశ వదులుకోవడానికి మీలాంటి చదువుకున్న కుర్రాడికి అదే సాకు అయింది. నాకు బాధ అక్కడే.

మన కరువు అబద్ధమా అంటే, కాదు. పడమటి కనుమల వెనక ఉన్నాం, మేఘాలు తడి అంతా అటే కురిసి ఖాళీగా వస్తాయి. ఎండకు, గాలికి నేల మీంచి, ఆకుల మీంచి ఆవిరైపోగల నీళ్లు పడే వానకు మూడింతల పైమాటే. అంతకంటే ముఖ్యం, వాన ఎంత పడిందన్నదానికన్నా ఎప్పుడు పడిందన్నదే మన రైతును ముంచుతుంది. జూన్‌లో పదునుకు విత్తి, ఊడలు దిగే వేళకు నెలరోజులు చినుకు లేకపోతే శెనక్కాయ (వేరుశనగ) అక్కడితో సరి. ఆ తర్వాత సెప్టెంబరులో ఎంత కురిసినా లెక్కలో సాధారణ వర్షపాతం అని రాసుకోవడానికే పనికొస్తుంది. లక్షల హెక్టార్లలో ఒకే పంట పెట్టుకుని కూర్చున్న జిల్లా ఇది. 2000లో వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ వచ్చి దాదాపు రెండుంబావు లక్షల హెక్టార్లు దెబ్బతింది. వయ్యారిభామ పుప్పొడితో, తామర పురుగులతో వ్యాపించిన తెగులు అది. దానికీ ఎడారికీ సంబంధమే లేదు. ఒకే పంటను నమ్ముకోవడమే ఆ నష్టాన్ని అంత పెద్దది చేసింది.

వాతావరణం వేడెక్కుతోందన్నది నిజం. 1901 నుంచి 2018 దాకా దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. దాన్ని నేను కాదనను. అయితే ఆ ఒక్క వాక్యం పట్టుకుని మన ప్రతి కరువునీ దాని ఖాతాలో వేయడం మాత్రం ఒప్పుకోను. ధాత కరువు 1876-78లో వచ్చింది. అప్పుడు బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. తర్వాతి జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం అంతకు ముందుకంటే బాగా తగ్గిపోయి కనిపిస్తుంది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో, అంటే మన జిల్లా పుట్టకముందే మన కరువు పుట్టింది. 1950ల మొదట్లో సీమలో గంజి కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. మళ్ళీ 2020, 2021, 2022 మూడేళ్లూ వాన బాగా పడింది. 2022 అక్టోబరులో నడిమివంక వాగు పొంగి అనంతపురం కాలనీల్లో ఇళ్లు మునిగాయి. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టే కొట్టుకుపోయింది. ఎడారి కథ నమ్మినవాళ్లు వంకల్లో ఇళ్లు కట్టుకుంటారు. వంకకు దారి వదలాలన్న ఆలోచనే వాళ్లకు రాదు.

వీడియోలో ఇసుక తిన్నెలు చూపించారని రాశారు. అవి హగరి (వేదవతి) నది ఒడ్డున, బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో, దర్గాహోన్నూరు వైపు ఉన్నవే అయివుంటాయి. అక్కడి ఇసుక మేటలు నిజం, ఆ రైతుల కష్టమూ నిజం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే నదిలోని ఇసుకను నైరుతి గాలి ఎత్తి పొలాల మీద పోస్తుంది. గాలికి అడ్డంగా చెట్ల వరసలు పెంచితే ఆగే సమస్య అది. నది పక్కనున్న కొన్ని ఊళ్ల బొమ్మలు చూపించి మడకశిర నుంచి గుత్తి దాకా అంతా అలాగే అవుతుందనడం మోసం.

ఇక మీ నాయన బోరు. భూగర్భజలం గురించి దేశంలో వినిపించే భయాలన్నీ పంజాబు లెక్కలతో తయారైనవి. అక్కడ నేల కింద వందల అడుగుల మందాన ఒండ్రుమట్టి, ఇసుక, అందులో ఎన్నో ఏళ్లుగా చేరిన నీళ్లు ఉన్నాయి. తోడుతూ పోతే దశాబ్దాలు దిగుతూ పోతుంది, తిరిగి నిండదు. మన కింద ఉన్నది గ్రానైటు. పైన పదిహేను ఇరవై మీటర్లు చివికిన రాయి, దాని కింద అక్కడక్కడ చీలికలు. వంద మీటర్లు దాటితే చీలికలే అరుదు. వాళ్లది చెరువైతే మనది బిందె. బిందె తొందరగా ఖాళీ అవుతుంది, తొందరగా నిండుతుంది కూడా. 2018లో ఎండి రాళ్లు తేలిన బావులు తర్వాతి మంచి వానలకు అంచుల దాకా నిండటం నేను చూశాను. శాశ్వతంగా పోయిన నీళ్లయితే అలా తిరిగి రావు.

దీనివల్ల ఒక మంచి, ఒక చెడు. మంచేమిటంటే, మన నీళ్లను మనం శాశ్వతంగా తినేయలేం, తినేయడానికి అంత నిల్వే లేదు. చెడేమిటంటే, నిల్వ లేదు కాబట్టి ఒక్క చెడ్డ ఏడాదికే బోరు ఆగిపోతుంది. అప్పుడు రైతు భయపడి 600, 800, 1000 అడుగులకు వేయిస్తాడు. నీళ్ల పాయింటు చూపించేవాడికి, బోరు వేసే రిగ్గువాడికి డబ్బులు, రైతుకు రాతి పిండి. అంత లోతున కొత్త నీళ్లేవీ దాగి ఉండవు. చీలిక తగిలితే పై నీళ్లే దాని గుండా దిగివస్తాయి. "నీళ్లు అయిపోతున్నాయి" అన్న భయమే రైతును ఆ లోతులకు తోస్తోంది. భయపెట్టేవాళ్లు దీని గురించి ఒక్కసారైనా ఆలోచించాలి.

2018 జూన్‌లో నీతి ఆయోగ్ నివేదిక ఒకటి వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ఢిల్లీతో సహా 21 నగరాల్లో 2020 కల్లా భూగర్భజలం అయిపోతుందని అందులో ఉంది. ప్రపంచమంతా ఆ మాట రాసింది. 2020 వచ్చింది, వెళ్లింది. మీరు బెంగళూరులోనే ఉన్నారు, బోర్లు ఉన్నాయో లేవో మీకే తెలుసు. అంతకుముందు 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం నివేదికలో, హిమాలయాల హిమానీనదాలు 2035 కల్లా కరిగిపోవచ్చని రాశారు. ఆధారం సరిగా లేదని తేలాక 2010 జనవరిలో వాళ్లే విచారం తెలిపారు. హిమానీనదాలు కరుగుతున్న మాట నిజమే, బెంగళూరులో నీటి కొరతా నిజమే. తేదీ పెట్టి బెదిరించడమే తప్పు. ఆ తేదీ దాటిపోయాక జనం అసలు సమస్యను కూడా నమ్మరు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం నిలబడే ఇల్లాలి కష్టం అప్పుడు ఎవరికీ పట్టదు.

ఇప్పుడు అసలు లెక్క. ఇది అర్థమైతే వీడియోలు అక్కర్లేదు. మన ఎర్రనేల, గ్రానైటు ప్రాంతంలో పడిన వానలో నూటికి పదివంతుల దగ్గరగా లోపలికి ఇంకుతుందని అంచనా వేస్తాం. 550లో పదోవంతు 55 మిల్లీమీటర్లు. చివికిన రాయిలో తోడుకోగలిగే నీటికి ఉండే చోటు నూటికి రెండువంతులు అనుకుందాం. అంటే ఒక మామూలు ఏడాది వానకు నీటిమట్టం రెండున్నర, మూడు మీటర్ల మధ్య లేస్తుంది. ఎకరా వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. 1,200ని 55తో భాగించండి, ఇరవై రెండు దాకా వస్తుంది. మడిలోంచి తిరిగి ఇంకేది తీసేసినా, ఒక్క ఎకరా వరి పదిహేను ఎకరాల మీద పడిన వాన ఇంకుడును తాగేస్తుంది. మీ నాయనకు ఉన్నది ఏడు. మిగతా ఎనిమిది ఎవరివి? పక్కవాళ్లవి. వాళ్ల బోరు ఎందుకు ఆగిందో, మీ బోరు ఎందుకు ఆగిందో ఇందులోనే ఉంది.

ఈ జబ్బుకు మనవాళ్లు రాసిన మందు వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం. 2002లో వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి, రిగ్గులకు రిజిస్ట్రేషన్, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదు. ఈ చివరి నియమం నాకు ఇష్టం. అది ఎవరికైనా అర్థమవుతుంది, టేపు పట్టుకుని కొలవొచ్చు, ఊరి జనమే కాపలా కాస్తారు. మిగతాదాని మీద నాకు గట్టి అభ్యంతరాలున్నాయి.

ఇంకే నీటిలో ఎంత తోడుతున్నారో చూసి ప్రాంతాలకు పేర్లు పెడతారు. 70 శాతం లోపు సురక్షితం, 90 దాటితే ఆందోళనకరం, నూరు దాటితే అతివినియోగం. అతివినియోగం అని ఊరి పేరు నోటిఫై అయితే అక్కడ కొత్త బోరుకు అనుమతి ఉండదు. పాతవాటికి ఏమీ కాదు. ఇరవై ఏళ్ల కిందట డబ్బున్నవాడు నాలుగు బోర్లు వేసుకున్నాడు, అవి పగలూ రాత్రీ పోస్తుంటాయి. అన్నదమ్ములు వేరుపడి మొన్ననే మూడెకరాలు చేతికొచ్చిన చిన్నరైతు మీసేవలో దరఖాస్తు పెట్టుకుంటే కాదంటారు. ముందు తవ్వినవాడికి హక్కు, వెనకొచ్చినవాడికి నేరం. వాడు ఊరుకుంటాడా? రాత్రికి రాత్రి రిగ్గు తెప్పిస్తాడు. ఆ బోరు ఏ రికార్డులోకీ ఎక్కదు. లెక్కలోకి రాని బోర్లు పెరిగేకొద్దీ శాతాలు వేసే మా లెక్కలే తప్పుతాయి. నియమం కఠినమయ్యేకొద్దీ నీళ్ల గురించి మనకు తెలిసింది తగ్గుతూ పోయింది.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు అది అవసరమే, నేను వ్యతిరేకిని కాను. కానీ ఒక చట్టం తోడొద్దంటుంది, ఒక పథకం ఎంతైనా తోడుకోమంటుంది. వరికి మద్దతు ధర, కొనుగోలు గట్టిగా ఉంటాయి, కొర్రకు, సజ్జకు ఆ భరోసా ఉండదు. వీటిని ముట్టుకోకుండా బోరు అనుమతి కాగితం దగ్గర మాత్రం కఠినంగా ఉండటం చేతకానితనం.

పోరుమామిళ్ల చెరువు శాసనం మన పక్క కడప జిల్లాదే, 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. తక్కువ నీళ్లు, ఎక్కువ ఆయకట్టు అన్నది ఆ దోషాల్లో ఒకటి. ఎకరాలను నీటితో తూచాలని అప్పటివాళ్లకు తెలుసు. మన చట్టం బోర్లను లెక్కపెడుతుంది, నీళ్లను లెక్కపెట్టదు.

నీళ్లను లెక్కపెట్టిన పని కూడా మన దగ్గరే జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) సాయంతో 2000ల దశకంలో రైతుల యాజమాన్యంలో భూగర్భజలాలు అనే ప్రాజెక్టు నడిచింది, పేపర్లలో ఏపీఫామ్స్ అని వచ్చేది. అనంతపురం, కర్నూలు, కడపతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో. ఊళ్లో వర్షమాపకం పెట్టారు. రైతులే, అందులో ఆడవాళ్లు కూడా, బోర్లలో మట్టం కొలిచి గోడ మీద రాసేవాళ్లు. రబీ ముందు అందరూ కూర్చుని ఈ ఏడు ఇంకింది ఇంత, ఎవరెవరు ఏ పంట పెడితే ఎంత కావాలి అని లెక్క వేసేవాళ్లు. ఇది పెట్టు, అది మాను అని ఎవరూ ఆజ్ఞ వేయలేదు, జరిమానా లేదు, సబ్సిడీ ఆశ కూడా లేదు. చాలా చోట్ల వరి తగ్గింది, ఆరుతడి పంటలు వచ్చాయి. అన్ని ఊళ్లలో ఒకేలా జరగలేదు, ప్రాజెక్టు అయిపోయాక చాలాచోట్ల గోడ మీద అంకెలు కూడా చెరిగిపోయాయి. అయినా నా ఉద్యోగ జీవితంలో రైతు తన బోరు గురించి నాతో సమానంగా, అంకెలతో మాట్లాడింది ఆ ఊళ్లలోనే.

మీ ప్రశ్న కింద ఎవరో గాలిమరల మాట తెచ్చారు కాబట్టి అదీ చెప్పేస్తాను. రామగిరి, ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తున్నాయని చాలామంది నమ్ముతారు. మర ఎత్తు నూరు మీటర్ల అటూఇటూ, రెక్క కొస కలిపినా రెండొందల చుట్టుపక్కలే. వాన మేఘం సాధారణంగా దానికి చాలా పైన ఉంటుంది. మరలు బాగా పెరిగాకే 2020 నుంచి మూడేళ్లు కుండపోతగా కురిసింది. ఈ భయం వల్ల జరిగిన నష్టం వేరే ఉంది. కల్పవల్లి అడవి వైపు నల్లకొండ మీద మరల కోసం కొండవాలుల్ని కోసి రోడ్లు వేశారు. మట్టి కొట్టుకొచ్చి వంకల్లో, కుంటల్లో పడుతుందని, మేత భూములు పోతున్నాయని అక్కడివాళ్లు మొత్తుకున్నారు. అది అడగాల్సిన ప్రశ్న, నిలదీయాల్సిన ప్రశ్న. మబ్బుల కథ పట్టుకున్న మిగతా జిల్లాకు ఆ గొంతు వినబడలేదు.

ఫ్లోరైడ్ కూడా అంతే. మన గ్రానైటు నీళ్లలో అది సహజంగానే ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. బోరు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఇది పెరుగుతుంది. పిల్లల పళ్ల మీద మచ్చలు, పెద్దవాళ్ల కీళ్ల నొప్పులు ఈ రోజు ఉన్నవి, 2045లో వచ్చేవి కావు. దీని మీద వీడియో చేసేవాళ్లు తక్కువ. మీ ఇంటి తాగునీళ్లు ఒక సీసాలో పట్టి ముందు పరీక్ష చేయించండి.

పొలం విషయానికి వస్తే, పోయిన బోరు పక్కన ఇంకో బోరు వేయించకండి, ఎవరు ఏ పాయింటు చూపించినా సరే. ఆ డబ్బుతో పొలంలో పల్లపు మూల ఒక ఫారం పాండ్ (వాననీళ్లు నిలిచే గుంట) తవ్వించండి. ఉపాధి హామీలో వీలుంటే ఇంకా మంచిది. వాలుకు అడ్డంగా గట్లు సరిచేయించండి. ఎండిన బోరుకు చుట్టూ గుంత తీసి, కంకర, ఇసుక పొరలు వేసి, వడకట్టిన వాననీళ్లు లోపలికి దిగేలా చేయొచ్చు. మురుగు, ఎరువుల నీళ్లు మాత్రం దాంట్లోకి పోనివ్వద్దు. వరి మీ నేలకు, మీ బోరుకు తగదు. శెనక్కాయ వేస్తే మధ్యలో కంది సాళ్లు వేయండి. ఒక మూడెకరాలు కొర్ర, సజ్జ. మిగిలిన బోరు కింద డ్రిప్ పెట్టి ఎకరా, ఎకరంన్నర మించకుండా కూరగాయలు. చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాలని మీ నాయనకు ఉందన్నారు. నిజం చెబుతున్నా, ఒక్క బోరును నమ్మి చీనీ పెట్టొద్దు. చెట్టు ఎండాకాలం కూడా తాగాలి. 2018 లాంటి ఏడాది వస్తే పదేళ్లు పెంచిన తోట కళ్లముందే ఎండిపోతుంది. ట్యాంకర్లతో తోటలు నిలబెట్టుకోబోయి అప్పుల్లో మునిగినవాళ్లను నేను చూశాను.

ఇంకొకటి. పోయిన బోరులో అడుగునైనా నీళ్లుంటే, సన్నతాడుకు బరువు కట్టి దింపితే మట్టం ఎంత లోతున ఉందో తెలుస్తుంది. మే నెలాఖర్లో ఒకసారి, నవంబరు చివర ఒకసారి, పొద్దున పక్క బోరు మోటరు వేయకముందు కొలవమని మీ నాయనకు చెప్పండి. పోస్తున్న బోరు దగ్గర ఇరవై లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో కూడా రాయమనండి. రెండు కొలతల మధ్య పడిన వాన మండల కేంద్రంలో తెలుస్తుంది. ఆ మూడు అంకెలూ ఇక్కడ పెడితే, వచ్చే రబీకి ఆ బోరు కింద ఎన్ని ఎకరాలు పెట్టొచ్చో నేను లెక్క వేసి చెబుతాను.